ఆంధ్రదేశ గ్రంథాలయముల నిత్యవ్యయము: ఒక చారిత్రక పరిశీలనము

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్రను వ్రాసినవారు స్థాపకులను గూర్చియు, మహాసభలను గూర్చియు, భవనముల ప్రారంభోత్సవములను గూర్చియు విపులముగనే వ్రాసియున్నారు. ఏ గ్రంథాలయము ఏ సంవత్సరమున ఏ ప్రముఖుని చేతులమీదుగా తెఱవబడినదో మనకు తెలియును. కాని ఆ మఱునాటినుండి దాని తలుపులను ప్రతిదినము తెఱచుటకు వలసిన ద్రవ్యము ఎక్కడినుండి వచ్చెనను ప్రశ్నకు ఆ చరిత్రలలో సమాధానము అరుదుగా దొరకును. ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే ప్రధానముగ గ్రహించి పరిశీలింతును.

గ్రంథాలయమునకగు వ్యయము రెండు విధములు. స్థలము, భవనము, బీరువాలు, మొదటి పుస్తకముల సేకరణము, ఇవి మూలవ్యయము. ఇంటి అద్దె, దీపమునకు చమురు, పత్రికల చందాలు, చినిగిన పుస్తకములకు బైండు, తపాలా ఖర్చు, తలుపు తీయు మనిషికి జీతము, ఇవి నిత్యవ్యయము. మూలవ్యయమును భరించిన దాత పేరు శిలాఫలకముపై నిలుచును. చమురు ఖర్చు భరించినవాని పేరు ఏ ఫలకముపైనను కనబడదు. అందువలననే మొదటి వ్యయమునకు దాతలు దొరకుట సులభము, రెండవదానికి దొరకుట దుర్లభము. ఉత్సాహముతో స్థాపింపబడి, కొలదికాలమునకే మూతపడిన సంస్థలలో పెక్కింటికి కారణము పుస్తకముల కొఱత కాదు. నిత్యవ్యయమునకు ఆధారము లేకపోవుటయే.

ఇంతేకాదు. నిత్యవ్యయమును ఎవరు భరింతురో, సంస్థ వారికి లోబడియుండును. దాత భరించిన దాతకు, చందాదారులు భరించిన చందాదారులకు, ప్రభుత్వము భరించిన ప్రభుత్వమునకు. కావున నిత్యవ్యయ చరిత్ర కేవలము జమాఖర్చుల చరిత్ర గాదు. అది ఆ సంస్థ ఎవరిదను ప్రశ్నకు సమాధానము చెప్పు చరిత్ర.

1. శాసనములలో నిత్యవ్యయము

ఈ సమస్య మన పూర్వులకు క్రొత్తది కాదు. తెలుగు శాసనములను చదువువారికి అఖండదీప దానములు సుపరిచితములు. ద్రాక్షారామ భీమేశ్వరాలయమున నిట్టివి పెక్కులు కలవు. దాత దీపపు కంబమును మాత్రము ఇచ్చి యూరకుండలేదు. ఆ దీపము ఆరకుండుటకు గొఱ్ఱెలను, తఱచుగా 50 సంఖ్యను, ఒక బోయని వశము చేసి, అతడును అతని సంతతివారును దినమునకు మానెడు నేయి పోయవలెనని కట్టడి చేసెను. కొన్నిచోట్ల గొఱ్ఱెలకు మాఱుగా ఆవులు కానవచ్చును. తమిళదేశమున చోళుల శాసనములలో ఈ మంద సంఖ్య తఱచుగా 90 లేక 96గా నుండును. ఆ గొఱ్ఱెలకు చావును ముసలితనమును లేవని అర్థమిచ్చు విశేషణమునే అచటి శాసనములు వాడినవి. మందలో కొన్ని చచ్చినను పిల్లలు పుట్టి సంఖ్య తగ్గకుండునని దాని భావము.

ఈ యేర్పాటులో గమనింపదగిన సూక్ష్మము కలదు. దాత యిచ్చినది నేయి గాదు, నేతిని పుట్టించు మూలధనము. ఆ మూలధనమును వ్యయము చేయు హక్కు ఎవరికిని లేదు. దాని ఫలమును మాత్రమే వాడుకొనవలెను. దానిని కాపాడు భారము ఒక వ్యక్తిపై, అతని వంశముపై స్పష్టముగ నుంచబడినది. నిత్యవ్యయమునకు ఇంతకంటె నిశితమైన యాలోచన నేటి ధర్మనిధుల నిబంధనలలోను అరుదు.

విద్యాసంస్థల విషయమున క్రీ.శ. 1261 నాటి మల్కాపుర శాసనము ఉత్తమోదాహరణము. కాకతీయ రుద్రమదేవి కాలమునందలి ఈ శాసనము, విశ్వేశ్వరశంభువునకు లభించిన గ్రామముల ఆదాయమును మఠమునకు, విద్యార్థుల భోజనమునకు, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రమునకు వినియోగించిన విధమును వివరించుచున్నది. అధ్యాపకులతోపాటు వైద్యునికిని, వంటవారికిని, లెక్కలు వ్రాయు కాయస్థునికిని జీవనాధారము కల్పింపబడినది. పండితులకు జీతమేర్పఱచుట అన్ని కాలములవారికి తోచును. లెక్కలు వ్రాయువానికిని, వంటచేయువానికిని ఏర్పఱచుట, సంస్థ దినదినము నడువవలెనను దృష్టి గలవారికే తోచును.

ఈ పద్ధతికి లోపమును కలదు. భూమి పరాధీనమైనను, రాజ్యము మాఱినను ధర్మము క్షీణించును. శాసనాంతమున ధర్మమును హరించినవానికి పాపఫలములను చెప్పు శ్లోకములు అంత విరివిగ నుండుటయే, హరణము అంత సామాన్యమని తెలుపుచున్నది.

2. వదాన్యుని యిల్లు

ఆధునిక గ్రంథాలయములు పుట్టునాటికి రాజులిచ్చు అగ్రహారములు లేవు. ఆ స్థానమున మొదట నిలిచినది వదాన్యుడైన గృహస్థుడు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల జమీందారు నాయని వేంకటరంగారావు, రావిచెట్టు రంగారావు, ఆదిపూడి సోమనాథరావు మున్నగువారు దానికి కారకులు. అది మొదట రావిచెట్టు రంగారావు గృహమునందే నెలకొన్నది.

ఈ విషయమును చరిత్రకారులు స్థలనిర్దేశముగ మాత్రమే చెప్పుచుందురు. ఆర్థికదృష్టితో చూచిన దాని ప్రాముఖ్యము వేఱు. స్వగృహమున గ్రంథాలయమును నిలుపుట యనగా అద్దె, దీపము, కాపలా అను మూడు ఖర్చులను లెక్కలోనికి రానీయక ఒక కుటుంబము భరించుట. అట్టి సంస్థ జమాఖర్చులలో నిత్యవ్యయము మిక్కిలి స్వల్పముగ కనబడును. అది స్వల్పమగుట చేత గాదు, మఱియొకరి యింటిఖర్చులో కలిసిపోవుట చేత. తొలినాటి గ్రంథాలయముల లెక్కలను పరిశీలించు విద్యార్థి ఈ భేదమును మఱువరాదు.

వదాన్యునిపై నాధారపడిన సంస్థకు అతని మరణమే పరీక్షాసమయము. రంగారావు 1910లో మృతినొందెను. అనేక సంస్థలు అట్టి సమయమున అస్తమించినవి. భాషానిలయము అస్తమింపకుండుటకు కారణము, అప్పటికే దానిని తమదిగా భావించు సభ్యులేర్పడియుండుటయు, ఆయన భార్య లక్ష్మీనరసమ్మ విరాళముతో దానికి సొంత గృహము సమకూరుటయు. వ్యక్తి యౌదార్యము సంఘము ఆస్తిగ మాఱినపుడే సంస్థ వ్యక్తిని మించి జీవించును. ఈ నిలయము శతాబ్దమును దాటి నిలిచినది.

నైజాము రాష్ట్రమున ఈ పరిణామమునకు ప్రత్యేక ప్రాధాన్యము కలదు. అచట ప్రభుత్వభాష ఉర్దూ. తెలుగు గ్రంథాలయమునకు సర్కారు సహాయమును ఆశించుటకు తావు తక్కువ. సభ జరుపుకొనుటకే అనుమతి కావలసిన రోజులు వచ్చినవి. 1904లో హనుమకొండయందు వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము మొదలుకొని, 1921లో ఆంధ్రజనసంఘము ఏర్పడిన పిదప పల్లెపట్టణములందు పుట్టిన గ్రంథాలయముల వఱకు ప్రజల ద్రవ్యమే వాటికి ప్రధానాధారము. ఆ గ్రంథాలయములు ఆంధ్రోద్యమమునకు ఊపిరి పోసినవని చెప్పుట పరిపాటి. వాటికి ఆ స్వాతంత్ర్యము అబ్బుటకు, నిత్యవ్యయమునకై అవి సర్కారు వాకిట నిలువకుండుటయు నొక కారణమని గుర్తింపవలెను.

3. చందాదారులు

వదాన్యుని తరువాతి మెట్టు చందా. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి గ్రంథాలయము గాక ప్రచురణసంస్థ యైనను, చందా యను భావమును తెలుగు పాఠకులలో వ్యాపింపజేసినవానిలో ముఖ్యమైనది. శాశ్వత చందాదారులను చేర్చుకొని, వారికి తక్కువ వెలకు గ్రంథములనిచ్చు పద్ధతిని అది అవలంబించినది. పుస్తకము అచ్చుకాకముందే కొనువారి సంఖ్య కొంతవఱకు తెలియుటచే ప్రకాశకునకు ధైర్యము చిక్కెను. చరిత్ర, శాస్త్రము వంటి విషయములపై తెలుగున గ్రంథములు వెలువడుట కిది తోడ్పడినది.

గ్రంథాలయములయందు చందా రెండు చిక్కులను తెచ్చినది. మొదటిది, చందా ఇయ్యలేనివానికి పుస్తకమందదు. గ్రంథాలయోద్యమ ధ్యేయమో, ధనహీనునకు విద్యను చేర్చుట. ఈ వైరుధ్యమునకు తొలినాటివారు కనిపెట్టిన పరిష్కారము సులభమైనది: పఠనమందిరము ఉచితము, పుస్తకములను ఇంటికి తీసికొనిపోవుటకు చందా. పత్రికలను చదువవచ్చినవారినుండి ఏమియు కోరరు. ఇంటికి పుస్తకమును తీసికొనిపోవు సభ్యుడిచ్చిన నెలచందాతో ఆ పత్రికలు తెప్పింపబడును. అనగా కొందఱి చందా ఎందఱికో ఉచితవిద్య యైనది. ఆ కొందఱికి ఈ విషయము తెలియును, తెలిసియు ఇచ్చుచుండిరి. ఉద్యమ నైతికబలమునకు ఇదియే పునాది.

రెండవ చిక్కు చందా నిలుకడలేమి. పంట చెడిన సంవత్సరమున చందాలు బకాయిపడును. వార్తాపత్రిక చందా మాత్రము ముందుగనే చెల్లింపవలెను. ధరావతు సొమ్మును ఆదాయముగ భావించి వ్యయము చేయుట ఇట్టి సమయములందలి సహజమైన దోషము. ధరావతు ఋణమే కాని ఆదాయము గాదు. సభ్యుడు విరమించుకొనునాడు దానిని తిరిగి ఇయ్యవలెను.

అయినను చందాకు గల గుణము నొకదానిని విస్మరింపరాదు. చందా ఇచ్చినవాడు సర్వసభ్యసమావేశమున లేచి, ఈ సంవత్సరమున దీపపు చమురుకు ఇంత ఏల అయినదని అడుగగలడు. కార్యదర్శి సమాధానము చెప్పితీరవలెను. ఓటు హక్కు పరిమితముగ నున్న ఆ దినములలో, సామాన్య గృహస్థునకు ఒక సార్వజనిక సంస్థ లెక్కలను ప్రశ్నించు అభ్యాసము గ్రంథాలయమునందే అలవడినది.

4. ధాన్యము, సేవ

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడయందు చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతను జరిగిన ప్రథమ మహాసభతో గ్రంథాలయములు ఒక సంఘముగ నేర్పడినవి. అయ్యంకి వేంకటరమణయ్య ఈ సంఘటనకు ప్రాణము. మఱుసటి సంవత్సరము వెలువడిన గ్రంథాలయ సర్వస్వము పత్రిక గ్రామములయందలి కార్యకర్తలను ఒకరికొకరిని పరిచితులను జేసినది.

గ్రామమునకు వచ్చునప్పటికి నగదు చందా అంతగా పనికిరాలేదు. రైతుచేత రూపాయ యుండునది కోతల తరువాతనే. కావున గ్రామసంస్థలు గ్రామపద్ధతులనే ఆశ్రయించినవి. ప్రతిదినము వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు పిడికెడు బియ్యము వేఱు కుండలో వేయుట, కళ్లములో ధాన్యము పంచునపుడు ధర్మకార్యములకు కొంత తీయుట, పెండ్లిలో సంస్థలకు కట్నము చదివించుట, ఇవి ప్రజలెఱిగిన ఆచారములు. గ్రామకార్యకర్తలు ఆ ఆచారములను విద్యాధర్మమునకు మళ్లించిరి. పిడికెడు బియ్యము నిచ్చుచున్న ఇల్లాలు స్వయముగ చదువురానిదైనను గ్రంథాలయమునకు పోషకురాలే. సభ్యుల పట్టికలో ఆమె పేరుండదు. నిత్యవ్యయమును వెదకినపుడే ఆమె చరిత్రలో కనబడును.

ఆదాయమును పెంచుట యొక మార్గము. వ్యయమును తగ్గించుట రెండవ మార్గము. ఈ రెండవదానికి పాతూరి నాగభూషణము 1935లో పెదపాలెము ప్రాంతమున నడపిన పడవ గ్రంథాలయము చక్కని నిదర్శనము. కాలువలపై ప్రయాణికుల పడవలు సాగుచుండెడివి. ప్రయాణము నెమ్మది, ప్రయాణికులకు తీరిక పుష్కలము. పఠనమందిరమునకు కావలసిన ఆసనము, నీడ, తీరిక గల పాఠకులు అన్నియు పడవలోనే సిద్ధముగ నున్నవి. పుస్తకములను చేర్చుటయే మిగిలినది. క్రొత్త మందిరమును కట్టి జనులను పిలుచుటకంటె, జనులున్న చోటికి పుస్తకములను పంపుటయే అల్పవ్యయమని అచటి కార్యకర్తలు గ్రహించిరి.

కాని జీతము లేని సేవయు ఒక వ్యయమే. కార్యకర్త తన సాయంకాలములను ఇచ్చుచున్నాడు. అతనికి వివాహమైనను, ఉద్యోగము వచ్చినను, చెఱసాలకు పోయినను ఆ యాదాయము ఆగిపోవును. జాతీయోద్యమ తీవ్రదినములలో కార్యకర్తలు కారాగృహములకు పోవుటచే గ్రంథాలయములు కుంటువడుట ఇందువలననే.

5. పరదేశముల పద్ధతులు

ఈ కష్టములను ఎఱిగిన ఉద్యమనాయకులు పరదేశముల పద్ధతులను శ్రద్ధతో పరిశీలించిరి. ఇంగ్లాండున 1850 నాటి గ్రంథాలయ చట్టము పట్టణములకు ఆస్తివిలువపై పౌనుకు అరపెన్నీ పన్ను వేయు అధికారము నిచ్చెను. ఆ చట్టమున నొక విచిత్రము కలదు. ఆ పన్నును భవనమునకు, దీపమునకు, సిబ్బందికి వాడవచ్చును గాని పుస్తకములు కొనుటకు వాడరాదు. పుస్తకములను దాతలే ఇత్తురని చట్టకర్తల విశ్వాసము. 1855లో పన్ను ఒక పెన్నీకి పెరిగి, పుస్తకములను కొనుట కనుమతి లభించెను. ఆ పెన్నీ పరిమితి 1919 వఱకు తొలగలేదు.

అమెరికా ధనికుడు ఆండ్రూ కార్నెగీ వేలకొలది గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. అతని నిబంధన గమనింపదగినది. స్థలము పట్టణమువారే ఇయ్యవలెను. తానిచ్చిన మొత్తములో 10వ వంతును ఏటేట నిర్వహణమునకై ప్రజాధనమునుండి వ్యయము చేయుదుమని వారు వాగ్దానము చేయవలెను. మన అఖండదీప దాతకును ఇతనికిని మనోధర్మమొక్కటియే, మార్గము విరుద్ధము. మన దాత మూలధనము నిచ్చి నిత్యవ్యయమునకు తానే ఏర్పాటు చేసెను. కార్నెగీ మూలవ్యయము నిచ్చి నిత్యవ్యయమును ప్రజలపై నుంచెను.

మనదేశమున బరోడా సంస్థానాధిపతి సయాజీరావు గాయక్వాడు 1910లో బోర్డెను అను అమెరికను గ్రంథాలయవేత్తను రప్పించి గ్రంథాలయ వ్యవస్థ నేర్పఱచెను. అచట గ్రామము మూడవవంతు కూర్చిన, స్థానిక పాలనసంఘము మూడవవంతును, సంస్థానము మూడవవంతును ఇచ్చును. గ్రామము ముందుగ చేయి చాపిననే ప్రభుత్వము చేయి కలుపును. ప్రజల యుత్సాహమును చంపక ప్రభుత్వసహాయము నందించుటకు ఇది మంచి యుపాయము.

6. గ్రంథాలయ పన్ను

బ్రిటిషు ఇండియాలోని ప్రాంతములలో ఇట్టి చట్టము వచ్చుటకు చాలకాలము పట్టెను. యస్. ఆర్. రంగనాథన్ దీర్ఘకృషి ఫలముగ 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టము వెలసినది. దీని ప్రకారము ఇంటిపన్ను లేక ఆస్తిపన్నుపై రూపాయికి 6 పైసల గ్రంథాలయ పన్ను విధింపబడినది. ఇవి పాత పైసలు, రూపాయికి 192. మద్రాసు నగరము వినా ఇతర జిల్లాలయందు వసూలైన దానికి తగ్గకుండ ప్రభుత్వమును తన వంతు చేర్చవలెను.

ఇచట ఇంగ్లాండు పద్ధతికిని దీనికిని గల భేదమును గుర్తింపవలెను. అచట పన్ను ఆస్తివిలువపై లెక్కింపబడెను. ఇచట పన్నుపై పన్నుగ లెక్కింపబడినది. ఏటికి 10 రూపాయల ఇంటిపన్ను చెల్లించు గృహస్థు గ్రంథాలయమునకు చెల్లించునది 60 పాత పైసలు, అనగా 5 అణాలు. భారము స్వల్పము, కాని శాశ్వతము. పంట పండినను పండకున్నను అది వచ్చుచుండును. చందా ఇయ్యలేనివానికిని పుస్తకము చేరును. తొలినాటివారు కోరిన యుచితవిద్య ఈ విధముగ చట్టబద్ధమైనది.

1955లో హైదరాబాదు రాష్ట్రమునకు వేఱు చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరము 1960 చట్టముతో రెండు ప్రాంతములకును ఏకవిధానమేర్పడి, జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని నిర్వహణాంగములైనవి. పన్ను తరువాత రూపాయికి 8 పైసలకు చేరినది. 2014లో రాష్ట్రము విభక్తమైన పిదపను రెండు రాష్ట్రములందును పన్నుపద్ధతి కొనసాగుచున్నది. 1967 నాటి మహారాష్ట్ర చట్టము ఇట్టి పన్ను లేకయే, ప్రజల గ్రంథాలయములకు ప్రభుత్వ గ్రాంటులనిచ్చు మార్గమును అవలంబించినది. ఏది మేలను చర్చ నేటికిని ముగియలేదు.

పన్నుపద్ధతిలో రెండు బలహీనతలు కలవు. ఇంటిపన్ను పట్టణములందధికము, గ్రామములందల్పము. కావున గ్రంథాలయము ఎక్కువగా కావలసినచోటనే ద్రవ్యము తక్కువగా వచ్చును. రెండవది మఱింత తీవ్రమైనది. పన్నును వసూలుచేయునది పంచాయతీ లేక పురపాలకసంఘము. వ్యయము చేయవలసినది గ్రంథాలయసంస్థ. ప్రజలు చెల్లించిన పన్ను వసూలు చేసినవారి చేతులలోనే నిలిచిపోయి గ్రంథాలయములకు చేరకుండుట, బకాయిలు పేరుకొనుట పత్రికలలో పదేపదే కనబడు వార్త. శాసనకాలమున దీపమునకు నేయి పోయవలసిన బోయడెవ్వడో పేరుతో సహా తెలియును. నేడు నేయి పోయవలసినవాడెవ్వడో పాఠకునకు తెలియదు. తాను చెల్లించిన ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయము వంతు ఒకటి కలదని గమనించు గృహస్థులెందఱు?

7. ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలునది యిది. మాన్యము నిలుకడ నిచ్చినది, కాని రాజ్యముతో పాటు చలించినది. వదాన్యత సంస్థలను పుట్టించినది, కాని ఒక్క మనుష్యుని ఆయువునకు ముడిపడినది. చందా యాజమాన్య భావము నిచ్చినది, కాని పేదను వెలుపల నిలిపినది. పన్ను పేదను లోనికి రప్పించినది, కాని యాజమాన్య భావమును శిథిలము చేసినది. చందాదారుడు లెక్క అడిగెను, పన్నుదారుడు అడుగుటలేదు. అడుగువాడు లేనిచోట బకాయి పేరుకొనుట సహజము.

కావున పన్నును త్యజించి చందాకు మరలవలెనని నా అభిప్రాయము గాదు. ఉచితవిద్యను మరల చందాదారుల సొత్తు చేయుట ఉద్యమ ధ్యేయమునకే విరుద్ధము. పన్ను నిలువవలెను, దానితోపాటు చందాదారుని ప్రశ్నయు నిలువవలెను. ప్రతి గ్రంథాలయమును తన సంవత్సరపు ఆదాయవ్యయములను, రావలసిన బకాయిని, పఠనమందిరపు గోడపై పాఠకునకు కనబడునట్లు ప్రకటించుట దీనికి మొదటి మెట్టు. ఇందుకు క్రొత్త చట్టము అక్కఱలేదు.

పరిశోధకవిద్యార్థులకు ఒక విన్నపము. గ్రంథాలయముల రజతోత్సవ, స్వర్ణోత్సవ సంచికలు ఎచటనో యొకచోట దొరకుచునే యున్నవి. చందా రసీదుల మూలప్రతులు, జమాఖర్చు పుస్తకములు, సర్వసభ్యసమావేశపు తీర్మానములు మాత్రము పాతకాగితములుగ తూకమునకు పోవుచున్నవి. పుస్తకములను భద్రపఱచు మందిరములందే ఈ పత్రములు భద్రపడుటలేదు. చమురునకు ఎంత, బైండునకు ఎంత, పిడికెడు బియ్యము అమ్మగా వచ్చినదెంత అను పంక్తులలో, ఆ సంస్థలను నిలిపిన అజ్ఞాతుల చరిత్ర యున్నది. ఆ కాగితములు నశించుటకు ముందే, ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క గ్రంథాలయపు లెక్కలనైనను చదివి వివరముగ వ్రాసియుంచినచో, మన గ్రంథాలయోద్యమ చరిత్ర ప్రారంభోత్సవముల చరిత్రగ మిగిలిపోక సమగ్రము కాగలదు.